పిల్లగాన్ని బడికి నడవనియ్యం, బండి తాళం మాత్రం చేతికిస్తం



జూన్ 12 వచ్చింది, బడులు తెరిచిన్రు. పత్తి గింజ పెట్టేటోళ్లు పెడ్తున్నరు, మొగులు దిక్కు చూసేటోళ్లు చూస్తున్నరు. ఈ వారం యూరియా గురించి రాస్తనని చానమంది ఎదురుచూస్తున్నరు. అది తర్వాత. ఈసారి ముచ్చట మన పిల్లలు బడికి ఎట్ల పోతున్నరు అన్నది. ఇది చిన్న ముచ్చట కాదు. తిట్టేటోళ్లు తిట్టండి, గని మొత్తం చదివి తిట్టండి.

పొద్దుగాల ఎనిమిదింటికి బీరంగూడ కమాన్ దగ్గర నిలబడి చూడండి. పసుపు బస్సులు ఒకదాని వెనుక ఒకటి. నడుమ ఆటోలు. ఆటోల డ్రైవరు పక్కకు ఇద్దరు, వెనుక ఎంతమందో లెక్క పెట్టుడు కష్టం, సంచులు బయటికి వేలాడుతుంటయి. బైకుల మీద తండ్రులు, ముందట టాంకీ మీద చిన్నోడు, వెనుక ఇద్దరు, ఒక్కరి తల మీద హెల్మెట్ ఉండదు. యూ టర్న్ దాకా పోవుడు దండుగ అని రాంగ్ సైడుల వస్తుంటరు. ఇంత హడావుడి దేనికి అంటే పిల్లల్ని బడి కాడ దించుడు కోసం. అందరిదీ దూరం బడి కాదు. ఈ పిల్లల్ల చానమంది బడి ఇంటి నుంచి కిలోమీటరు, కిలోమీటరున్నర. మా గల్లీల పిల్లలు పోయే బడి నడిస్తే పదిహేను నిమిషాలు. వ్యాను మాత్రం కాలనీలన్నీ తిరిగి తిరిగి నలభై నిమిషాలకు దించుతది. పిల్లలు అంతసేపు అండ్లనే కూసుంటరు, కొందరు నిద్రపోతరు. దీన్ని మనం సుఖం అంటున్నం.

ప్రభుత్వం లెక్క ఏందో చూద్దాం. విద్యా హక్కు చట్టం 2009ల వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆ చట్టం కింద పెట్టిన నిబంధనల ప్రకారం ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు లోపల ఉండాలె, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపల ఉండాలె. అంటే ఆరేళ్ల పిల్ల కిలోమీటరు, పదకొండేళ్ల పిల్ల మూడు కిలోమీటర్లు నడవగలదు అనే లెక్క మీదనే ఆ నిబంధన రాసిన్రు. రాసినోళ్లు మన పిల్లల కాళ్ల మీద నమ్మకం పెట్టుకున్నరు. కన్నోళ్లం మనకే లేదు.

ఇంక పైసల ముచ్చట. వ్యాను ఫీజు నెలకు 1,500 అనుకోండి. మీ దిక్కు ఎక్కువైతే ఎక్కువ వేసుకోండి. పది నెలలకు 15,000. ఇద్దరు పిల్లలైతే 30,000. రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000. రెండున్నర ఎకరాలున్న రైతుకు ఏడాది మొత్తం వచ్చే పైసలు ఆ వ్యాను ఫీజుకు సరిగ్గ సరిపోతయి. విత్తనాలకు, మందులకు మళ్ల అప్పే. ఆ పైసలు ఇంకో వారం ఆలస్యమైతే గొడవ చేస్తం, వ్యాను ఫీజు మాత్రం మారు మాట్లాడకుండ ఒకటో తారీఖు కడ్తం. పదిహేను వేలు పెడితే పిల్లకు మంచి సైకిల్ వస్తది, రెండేండ్ల పుస్తకాలు వస్తయి, ఇంక మిగుల్తయి.

"పైసలు ముఖ్యమా, పిల్లల పానం ముఖ్యమా?" అని అడుగుతరు. అడగాల్సిన ప్రశ్ననే. పానం గురించే మాట్లాడుకుందాం.

2022ల మన దేశం రోడ్ల మీద 1,68,491 మంది చచ్చిపోయిన్రు. ఇది కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఇచ్చిన లెక్క. అండ్ల టూ వీలర్ల మీద పోయినోళ్లు నూటికి 44 మందికి పైనే. నడుస్తుంటే గుద్దేస్తే పోయినోళ్లు నూటికి పందొమ్మిది మందికి పైన. సైకిల్ మీద పోయినోళ్లు నూటికి ముగ్గురు లోపల. ఈ లెక్క నేను చెప్తే మా ఊరి టీచర్ సారు ఒక మాట అన్నడు, "సైకిల్ తొక్కేటోళ్లే తక్కువైన్రు, అందుకే ఆ లెక్క తక్కువ" అని. నిజమే. సైకిల్‌ల మహిమ ఏదో ఉన్నదని నేను కూడా అంట లేను. గని పిల్లగాన్ని బైకు టాంకీ మీద కూసోబెట్టుకుంటే పానానికి భద్రం అనే నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? రోడ్డు మీద అందరి కంటే ఎక్కువ పోతున్నది ఆ బైకు మీద కూసున్నోళ్లే. నాలుగేళ్లు దాటిన పిల్లకు హెల్మెట్ ఉండాలెనని చట్టంల ఉన్నది. పిల్లల హెల్మెట్ కొన్నోళ్లు మన ఊర్ల ఎంతమంది? ఏడు వందలో ఎనిమిది వందలో ఉంటది. పత్తి మందు డబ్బా ధర.

ఆ చావుల కారణం కూడ అదే లెక్కల ఉన్నది. నూటికి డెబ్భై పైన అతివేగం. బడి ముందట అతివేగంగా పోయేది ఎవరు? లారీ ఒక్కటే కాదు. తన పిల్లను దించేసి ఫ్యాక్టరీ షిఫ్టుకు ఆలస్యమైతున్నదని ఎక్కువ రేసు ఇచ్చి పోయే తండ్రి. అంటే నీ పిల్లను నడవనియ్యనిది నా బండి భయం, నా పిల్లను నడవనియ్యనిది నీ బండి భయం. ఒకరి భయం చూసి ఒకరం ఇంకో బండి తెస్తున్నం. ప్రతి ఏడు బండ్లు పెరుగుతున్నయి, ప్రతి ఏడు నడిచే పిల్లలు తగ్గుతున్నరు, తోవ ఇంత ఇంత భయంకరం అయితున్నది. ఒక రైతు బోరు లోతుకు వేస్తే పక్క రైతు ఇంకింత లోతుకు వేస్తడు, ఆఖరుకు ఇద్దరికీ నీళ్లు లేవు. గదే ముచ్చట.

రెండో భయం, ఎత్తుకపోతరు అన్నది. 2018 మే నెల యాదికి తెచ్చుకోండి. పిల్లల్ని ఎత్తుకపోయే ముఠా తిరుగుతున్నదని వాట్సాప్‌ల పుకార్లు పుట్టినయి. అండ్ల నిజం లేదని పోలీసులు మొత్తుకున్నరు. వినకుండ మన రాష్ట్రంలనే పాపం తెల్వని మనుషులను కొట్టి చంపిన్రు. ఆ భయం ఇప్పటికీ మన ఫోన్లల్ల తిరుగుతనే ఉన్నది, ఏడాదికోసారి పాత వీడియో కొత్త ఊరి పేరుతో వస్తది. పిల్లలకు జరిగే ఘోరాల సంగతి తీస్తే, పోక్సో కేసులల్ల నూటికి తొంభై కంటే ఎక్కువ కేసులల్ల చేసినోడు ఆ పిల్లకు తెలిసినోడే అని జాతీయ నేర రికార్డుల లెక్కలు చెప్తున్నయి. చుట్టం, పక్కింటోడు, తెలిసిన డ్రైవరు. పది మంది కండ్ల ముందట, పది మంది పిల్లలతోని కలిసి నడిచే తోవ మీద కంటే, ఒక్క పిల్ల ఆఖరు స్టాపు దాకా ఒక్కతే కూసుండే వ్యానుల నాకు ఎక్కువ భయమైతది. ఆ డ్రైవరు పేరు మీకెరికేనా? లైసెన్సు చూసినరా? కోడెను కొనేటప్పుడు పండ్లు చూస్తం, సుడి చూస్తం, నడిపించి చూస్తం.

మూడోది కుక్కల భయం. ఇది నేను కొట్టిపారేయ. 2023 ఫిబ్రవరిల హైదరాబాద్ అంబర్‌పేటల నాలుగేళ్ల పిల్లగాన్ని కుక్కలు చంపినయి. ఆ వీడియో చూసిన తల్లికి చెయ్యి వదలబుద్ధి కాదు. గని దానికి మందు ఏంది? కోడి మాంసం తుక్కు రోడ్డు పక్కన పారేసుడు ఆపాలె, కుక్కలకు ఆపరేషన్లు, సూదులు ఎన్ని చేసిన్రని మున్సిపాలిటీని అడగాలె. పిల్లను ఒక్కదాన్ని కాకుండ గుంపుల పంపాలె. గీ మూడు చెయ్యకుండ వ్యాను ఎక్కిస్తే, బడి నుంచి వచ్చి సాయంత్రం ఆటకు పోయిన పిల్లకు ఆ కుక్క ఎట్లయినా ఎదురొస్తది.

ఇంక నాలుగోది. అందరం దాచి పెట్టేది. అది భయం కాదు, ఇజ్జత్. "ఫలానా రెడ్డి మనుమడు నడిచి పోతున్నడు", "భూమి అమ్మిండు, కారు కొన్నడు, పిల్లలకు సైకిలా?" అని నలుగురు అంటరని. మన దిక్కు భూములు గజాల లెక్కన పోయినప్పటి నుంచి ఈ రోగం వచ్చింది. ఒకప్పుడు బీహెచ్ఈఎల్ల షిఫ్టు వదిలితే రామచంద్రాపురం రోడ్డు నిండ సైకిళ్లే. మంచి జీతం తెచ్చుకునే మనిషి సైకిల్ మీద పోతుంటే ఎవడూ నవ్వకపోతుండె. ఇప్పుడు సైకిల్ అంటే పేదోని గుర్తు. ఒక బడి పేరు చెప్ప గని, మా ఇంటి దగ్గరి ప్రైవేటు బడి ఒకటి ఉన్నది, వెయ్యి మంది పిల్లలు చదువుతరు. బస్సులు పెట్టనీకె ఎకరం జాగ ఉన్నది, సైకిల్ పెట్టనీకె పది అడుగులు లేవు. ఒక తండ్రి అడిగితే "మా దాంట్ల సైకిల్ మీద వచ్చే పిల్లలు లేరు సార్" అన్నరట. స్టాండు లేకపోతే ఎట్ల వస్తరు? ఎందుకు పెడ్తరు, బస్సు ఫీజు పోతది గద.

ఆడపిల్లల ముచ్చట వేరే చెప్పాలె. "మగపిల్లగాడైతే సరే, ఆడపిల్లను ఎట్ల పంపుతం?" ఈ మాట అనేటోళ్లల్ల తల్లులే ఎక్కువ. తమిళనాడుల పుదుక్కోట్టై అని జిల్లా ఉన్నది. వెనకబడ్డ జిల్లా. 1990ల మొదట్ల అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టరు ఒక మహిళ, షీలా రాణి చుంకత్. చదువుతోపాటు సైకిల్ నేర్పుడు కూడ ఆ ఉద్యమంల పెట్టింది. క్వారీల రాళ్లు కొట్టే ఆడోళ్లు, పొలం కూలీలు, అంగన్‌వాడీ టీచర్లు, అందరూ నేర్చుకున్నరు. లక్ష మందికి పైగా. మొదట్ల మగోళ్లు సైకిల్ మీద పోయే ఆడోళ్లను చూసి పాడు మాటలు అన్నరు. ఆడోళ్లు ఆగలేదు. ఊర్ల నుంచి బస్సు కోసం ఎదురుచూసుడు పోయింది, కూరగాయలు, పాలు తామే మోసుకపోయి అమ్ముకున్నరు. సాయినాథ్ అని రైతుల గురించి రాసే జర్నలిస్టు మన రైతులందరికీ తెలిసినోడే, ఆయన రాసిండు దీని గురించి.

బీహార్ సంగతి కూడ వినండి. 2006ల నితీశ్ కుమార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతికి వచ్చిన ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోనీకె 2,000 రూపాయలు ఇచ్చుడు మొదలుపెట్టింది. తర్వాత ఇద్దరు ఆర్థికవేత్తలు, మురళీధరన్, నిశిత్ ప్రకాశ్, లెక్క తీసిన్రు. పెద్ద బడిల చేరే ఆడపిల్లలు నూటికి ముప్ఫై పైన పెరిగిన్రు. మగపిల్లలకు ఆడపిల్లలకు నడుమ ఉన్న తేడా నూటికి నలభై వంతులు తగ్గింది. ఎక్కువ లాభం ఎక్కడ? బడి మూడు కిలోమీటర్లకు పైన ఉన్న ఊర్లల్ల. మనం బీహారోళ్లను చూసి నవ్వుతం. పటాన్‌చెరు ఫ్యాక్టరీలల్ల, మన చేన్లల్ల పని చేసే బీహారోళ్ల చెల్లెండ్లు సైకిల్ మీద పోయి పదో తరగతి పాసైన్రు. మన ఆడపిల్ల వ్యాను రాలేదని ఇంట్ల కూసుంటది. ఆంధ్రల కూడ 2017ల "బడికొస్తా" అని పథకం పెట్టి ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చిన్రు.

పిల్లకు సైకిల్ వద్దు, భయం అంటరు గద. అదే ఇంట్ల పిల్లగానికి పద్నాలుగు నిండంగనే ఏం జరుగుతున్నదో చూడండి. "డాడీ, ట్యూషన్‌కు ఆలస్యమైతున్నది." స్కూటీ తాళం చేతుల పెడ్తరు. పన్నెండేండ్ల దాకా గేటు దాటనియ్యని తండ్రే, పద్నాలుగు ఏండ్లకు గంటకు ఎనభై పోయే బండి ఇస్తడు. నడిచి రోడ్డు దాటుడు రాదు, బండి ఎంత దూరంల ఉంటే ఆగాలె, ఎంత దూరంల ఉంటే దాటాలె అన్న అందాజ తెల్వదు, మలుపు కాడ అటు ఇటు చూసుడు తెల్వదు. ఇవన్నీ కాళ్లతోని, తర్వాత సైకిల్‌తోని నేర్చుకోవాల్సినవి. కోడెను మొదటి రోజే నాగలికి కడ్తమా? ముందుగాల పెద్ద ఎద్దు జతకు పెట్టి ఉత్త కాడి మోపిస్తం, తర్వాత మొద్దు గుంజిపిస్తం, అప్పుడు నాగలి. కోడెకు ఇచ్చే ఓపిక కొడుక్కు ఇస్తలేము.

చట్టం కూడ చెప్త. 2019ల మోటారు వాహనాల చట్టం మార్చిన్రు, 199ఏ అని సెక్షను పెట్టిన్రు. పద్దెనిమిది నిండనోడు బండి నడిపి నేరం చేస్తే తప్పు తండ్రిది, బండి ఓనరుది అని మొదలే అనుకుంటది చట్టం. మూడేండ్ల దాకా జైలు, 25,000 జుర్మానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లగానికి ఇరవై ఐదేండ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. పట్టా పాసుబుక్కు కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగినట్టు, కోర్టు చుట్టూ తిరగాలె. అదంతా బతికి ఉంటే. బతకకపోతే ఏ సెక్షనూ అక్కర లేదు.

ఇంక "బస్సు భద్రం" అనేటోళ్లకు మాసాయిపేట గుర్తు చెయ్యాలె. మనసు ఒప్పక రాస్తున్న. 2014 జూలై 24, పొద్దుగాల. అప్పుడు మన ఉమ్మడి మెదక్ జిల్లానే. కాపలా లేని రైల్వే గేటు కాడ బడి బస్సును నాందేడ్ ప్యాసింజర్ గుద్దింది. పదిహేను మందికి పైగా పిల్లలు పోయిన్రు. అందరూ రైతుల పిల్లలు, కూలోళ్ల పిల్లలు. ఆ తల్లిదండ్రులు ఏం తప్పు చెయ్యలేదు, మనలెక్కనే భద్రం అని బస్సు ఎక్కించిన్రు. తప్పు తోవది. ఆ తర్వాత దేశమంతట గొడవైతే రైల్వేవాళ్లు కదిలిన్రు, 2019 మొదలయ్యేసరికి పెద్ద లైన్ల మీద కాపలా లేని గేట్లు మొత్తానికి ఎత్తేసిన్రు. అంటే తోవ బాగు చేస్తే పానాలు దక్కుతయి, పిల్లల్ని ఏ బండ్ల ఎక్కించినా తోవ పాడైతే పోతయి. ఈ ఒక్క మాట అర్థమైతే నా పోస్టు సగం చదివినట్టే.

మనమేమో తోవ గురించి అడుగ. బండి గురించే అడుగుతం.

మన హెచ్ఎఫ్ ఆవులు ఏ దేశపువో తెలుసు గద, హాలండ్ దిక్కువి. నెదర్లాండ్స్. ఇప్పుడు ఆ దేశంల పిల్లలు బడికి సైకిల్ మీదనే పోతరు, వానల కూడ. "వాళ్లది ముందు నుంచి అట్లనే, మనకు కుదరదు" అంటరు. తప్పు. అక్కడ కూడ 1950, 60లల్ల కార్లు పెరిగి సైకిల్ తోవలు మాయమైనయి. 1971 ఒక్క ఏడాదిల 3,300 మంది రోడ్ల మీద పోయిన్రు, అండ్ల 400 మందికి పైన పిల్లలు. అప్పుడు తల్లిదండ్రులు లేసిన్రు. "పిల్లల హత్యలు ఆపండి" అని ఉద్యమానికి పేరే పెట్టుకున్నరు. బజారుల కూసున్నరు, పిల్లలతోని తోవలు బంద్ చేసి ఆడించిన్రు. 1973ల పెట్రోలు కరువు కూడ తోడైంది. ప్రభుత్వం దిగి వచ్చి సైకిల్‌కు వేరే తోవ, ఇండ్ల నడుమ బండ్లకు తక్కువ స్పీడు పెట్టింది. పిల్లల చావులు పడిపోయినయి. వాళ్లకు పిల్లల మీద ఉన్న ప్రేమ మనకంటే ఎక్కువ ఏం కాదు. వాళ్లు పిల్లల్ని ఇంట్ల దాచలేదు, బండ్లకు ముకుతాడు వేసిన్రు. అంతే తేడా.

మన దిక్కు పైసలు లేవా? 2023 అక్టోబర్ 1న ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ తోవ తెరిచిన్రు. మీద సోలార్ పలకల కప్పు, ఎండ తగలదు, వాన తగలదు, రాత్రి లైట్లు. నానక్‌రాంగూడ దిక్కు నుంచి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా. కొల్లూరు మనకు ఎంత దూరం? మంచిదే, నేను కాదనలేదు. సాఫ్ట్‌వేర్ పిల్లలు ఆదివారం తొక్కుకుంటరు, తొక్కనీ. గని బీరంగూడ నుంచి కిష్టారెడ్డిపేట పోయే తోవల బడి పిల్ల కాలు పెట్టనీకె రెండు అడుగుల ఫుట్‌పాత్ ఎక్కడున్నదో ఎవరన్న చూపెట్టండి. సుల్తాన్‌పూర్ దిక్కు పోయే టిప్పర్లు, ఫ్యాక్టరీ బస్సులు, కాంక్రీటు బండ్లు అన్నీ అదే తోవ. హైవేను ఆరు లైన్లు చేస్తున్నరు. ఆరు లైన్లు అయినంక అవుతలికి బడికి పోయే పిల్ల ఎట్ల దాటుతది అని ఒక్క మీటింగుల అడిగినమా? లారీకి జాగ అడిగినోళ్లు ఉన్నరు, ప్లాటుకు రేటు అడిగినోళ్లు ఉన్నరు.

ఇక్కడ ఒకటి సాఫ్‌గ చెప్త. ముంబై హైవే అడ్డం దాటి పోవాల్సిన పిల్లను రేపే సైకిల్ ఇచ్చి పంపండి అని నేను అంట లేను. అట్ల పంపుడు పిచ్చితనం. ఆ పిల్లకు బస్సే కరెక్టు. నేను అంటున్నది ఊరి లోపల, కాలనీల లోపల, హైవే ముట్టకుండ కిలోమీటరు రెండు కిలోమీటర్లల్ల బడి ఉన్న పిల్లల గురించి. వాళ్లు తక్కువ మంది కాదు.

ఇంక మనం రైతులం కాబట్టి మనకే తెలిసిన సంగతి ఒకటి ఉన్నది, పట్నపోళ్లకు తెల్వదు. బండ్ల బాటలు. మన ప్రతి ఊరి నక్షాల బాటలు గీసి ఉంటయి. చేన్ల నడుమ నుంచి పక్క ఊరికి, చెరువుకు, గుట్టకు. శివరాత్రికి బీరంగూడ గుట్ట మల్లన్న కాడికి ఎడ్ల బండ్లు వచ్చిన తోవలు అవే. ఆ బాటల మీద లారీ రాదు, చెట్ల నీడ ఉంటది, సక్కగ పోతే రోడ్డు కంటే దగ్గర కూడ. పిల్లలు బడికి పోవనీకె అంతకంటే మంచి తోవ ఏముంటది?

ఏమైనయి అవి? సగం వెంచర్ల ప్రహరీ గోడల లోపల ఉన్నయి. భూమి అమ్మేటప్పుడు బాట ఉన్నదని కాయితంల రాయించినోళ్లు ఎంతమంది? ఇంకో సగం మన దాంట్లనే కొందరు గెట్టు జరిపి దున్నుకున్నరు. ఏడాదికి ఒక సాలు, పదేండ్లకు బాట లేదు. పక్కోడు తన చేన్లకు పోనీకె తోవ ఇయ్యకపోతే తలలు పగిలేదాకా కొట్లాడుతం, సర్వే చేపిస్తం, కోర్టుకు పోతం. ఊరి పిల్లలు నడిచే బాట పోతే ఎవడూ నోరు తెరవడు. రోడ్డు పక్కన మిగిలిన జాగల వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి, రాత్రి తీయకుండ పోయేది కూడ మన దాంట్లోళ్లే. ఎనుక లైటు లేని ట్రాక్టరు తిప్పేది మనోళ్లే. లారీ డ్రైవర్ను తిట్టే ముందు ఇవి కూడ లెక్కల రాయాలె.

కొందరు అక్కలు అడుగుతరు, "ఇదంతా అయ్యేసరికి మా పిల్లలు పెద్దోళ్లు అయిపోతరు, రేపు పొద్దుగాల ఏం చెయ్యాలె?" అని. జపాన్ల పట్నాలల్ల, ఊర్లల్ల చిన్న బడి పిల్లలు గుంపులు కట్టి నడిచి పోతరు. ఒక గల్లీ పిల్లలంత ఒక జాగల కలుస్తరు, పెద్ద క్లాసు పిల్ల ముందట, ఇంకో పెద్ద పిల్ల వెనుక, చిన్నోళ్లు నడుమ. దూరానికి కనపడనీకె చిన్న పిల్లలకు పసుపు టోపీలు. రోడ్డు దాటే కాడ ఊరి ముసలోళ్లు జెండా పట్టుకొని నిలబడుతరు. దీనికి ఏం పైసలు కావాలె? మన ఊర్ల పెన్షన్ తీసుకునే తాతలు పొద్దుగాల రావి చెట్టు కింద కూసొని రాజకీయాలు మాట్లాడుతరు. ఆ అరగంట బడి తోవల నిలబడి మాట్లాడితే రాజకీయం ఏం తగ్గదు. ఐదుగురు పిల్లలున్న గల్లీల వారానికి ఒక్క రోజు ఒక ఇంటోళ్లు వెంట నడిస్తే అయిపోతది. నెల రోజులు చేసి చూడండి, తర్వాత పిల్లలే మిమ్ములను రావద్దంటరు.

నడక ఆరోగ్యానికి మంచిదని డాక్టర్లు మనకు చెప్తనే ఉన్నరు, షుగర్ వచ్చినంక. పిల్లలకు రోజుకు గంట సేపు ఒళ్లు కదలాలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. బడిల ఆటల పీరియడ్‌ను లెక్కల సారు గుంజుకుంటడు, ఇంటికొస్తే ఫోను. పోను రాను ముప్ఫై నిమిషాల నడక అంటే అండ్ల సగం అక్కడనే తీరిపోతది. ఈ ముచ్చట ఎక్కువ సాగదీయ, మీకు తెలిసిందే.

ఇంకోటి మాత్రం చెప్పాలె. రైతు పిల్లగాడు చేను పక్క నుంచి నడిచి బడికి పోతే, ఏ పైరు ఎప్పుడు పూతకు వస్తదో, ఏ కుంట ఎప్పుడు నిండుతదో కండ్లతోని చూస్తడు. అమీన్‌పూర్ చెరువుకు 2016ల జీవ వైవిధ్య వారసత్వ స్థలం అని గుర్తింపు వచ్చింది. దూర దేశాల పక్షులు వస్తయి, కెమెరాలు పట్టుకొని పట్నం నుంచి వస్తరు చూడనీకె. ఆ చెరువు పక్కనే వ్యానుల పోయే మన పిల్లలల్ల ఎంతమంది ఆ పక్షులను చూసిన్రు? కిటికీకి కూడ ఇనుప జాలి ఉంటది.

సరే, పని ముచ్చట. ప్రతి సోమవారం సంగారెడ్డి కలెక్టరేట్ల ప్రజావాణి ఉంటది. మూడు దరఖాస్తులు రాస్తున్న. ఒకటి, బీరంగూడ, కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడ బడుల ముందట స్పీడు బ్రేకర్లు, గీతలు, పొద్దుగాల సాయంత్రం బడి టైముల టిప్పర్లు బంద్. రెండు, హైవే పనుల్ల బడి పిల్లలు దాటే కాడ పైనుంచో కింది నుంచో తోవ. మూడు, నక్షాల ఉన్న బండ్ల బాటలు సర్వే చేపించి రాళ్లు పాతుడు. మూడో దానికి మీ ఊరి నక్షా కాపీ కావాలె, సర్వే నంబర్లతోని. ఎవరి దగ్గర ఉంటే ఫోటో తీసి పంపండి. గెట్టు జరిపినోళ్ల పేర్లు నేను రాయ, నంబరు రాస్తే చాలు, సర్వేయరు చూసుకుంటడు.

సోమవారం పొద్దుగాల తొమ్మిదింటికి కమాన్ కాడ కలుద్దాం. వచ్చేటోళ్లు కింద పేరు, ఊరు రాయండి. రానోళ్లు కనీసం పిల్లల హెల్మెట్ కొనండి.